మొగలి ముల్లు నుంచి పట్టుచీర అంచు దాకా

బరంపురం పట్టుచీరని అంచు చూసే పోల్చుకుంటారు. గుడి శిఖరాలు వరసగా నిలబెట్టినట్టు మెట్లుమెట్లుగా లేచే ఆ త్రికోణాలని ఒడియాలో ఫోడా కుంభ అంటారు. జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా ఆ పేరుతోనే ఉంది. అంత పేరున్న అంచు చేతిలో ఉండగా కొత్తది ఎందుకూ అంటే, కొనేవాళ్లు అడుగుతున్నారు గనక. అడిగినప్పుడు ఎక్కువమంది చేసే పని, ఫోనులో వేరే ఊరి చీర ఫొటో చూపించి గ్రాఫ్ (గళ్ల కాగితం మీద నేత నమూనా) గీయించడం. ఆ చీర నేసినవాళ్లూ ఇంకెక్కడో చూసి గీయించే ఉంటారు. చేతులు మారేకొద్దీ గీత మొద్దుబారుతుంది. బరంపురం నుంచి గోపాలపురం సముద్రం పదిహేను కిలోమీటర్లే. మహేంద్రగిరి అడవికి ఒక రోజు పెట్టుకుంటే వెళ్లి రావచ్చు. పదునుగా ఉన్న గీతలు అక్కడే ఉన్నాయి. వాటిని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని పడుగు పేకల్లోకి, అంటే పొడుగు దారాలు అడ్డం దారాల్లోకి, ఎలా దించాలి అన్నదే ఇక్కడ చెప్పేది. బ్లౌజుల మీద మగ్గం వర్కు చేసేవాళ్లకీ, బ్లాకు అద్దకం వాళ్లకీ, పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివాళ్లకీ మొదటి సగం అలాగే పనికొస్తుంది. రెండో సగం మాత్రం నేతపనిదే.

బొమ్మ వదిలేసి లెక్క తీసుకోవడం

ఆకు అందంగా ఉందని ఆకు బొమ్మ గీసి చీర మీద పెడితే అది పాఠ్యపుస్తకంలో ఆకులా ఉంటుంది. చీరకి కావలసింది ఆ ఆకు ఏ లెక్కన పెరిగిందో ఆ లెక్క. ఎన్ని ఈనెలు, ఒక్కో ఈనె ఎంత దూరంలో మొదలైంది, అంచు ఎటు వాలింది, పక్క ఆకు ఎక్కడ వచ్చింది. నేత కూడా లెక్కే కాబట్టి లెక్క నుంచి లెక్కకి దారి దగ్గర.

కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ బట్ట చూస్తే ఇది తెలిసిపోతుంది. మిర్గాన్ నేతగాళ్లు తొగరు వేరు రంగుతో ముదురు ఎరుపు, గోధుమ వన్నెలు తెచ్చి, రంగు వేయని నూలు మీద పీత, చేప, శంఖం, గొడ్డలి నేస్తారు. ఆ పీతలో వంపు అనేది లేదు. అన్నీ సూటి గీతలూ మెట్లూనే, అయినా ఎవరు చూసినా పీతే అంటారు. కాళ్లు విచ్చుకున్న తీరు ఒక్కటి నిలబెట్టి మిగతాదంతా వదిలేశారు. ఏది నిలబెట్టాలో తెలియడమే అసలు విద్య.

గజపతి, రాయగడ కొండల్లో సవరలు గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు కూడా కంటికి ఇంపుగానే ఉంటాయి. కానీ అవి పూజ కోసం వేసేవి, ఇంకొకరి సొత్తు. అడవి చూడటానికి వెళ్లి గోడ దించుకుని రావద్దు.

సంచిలో ఏముండాలి

గీతలు లేని తెల్ల నోటుబుక్కు, 2బి పెన్సిలు, ఆరంగుళాల స్కేలు, నాలుగైదు బటర్ పేపర్లు, పదిరెట్లు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం. ఒక పోస్టుకార్డు మందం అట్ట తీసుకుని మధ్యలో 4 సెంటీమీటర్ల చదరం కోసి పెట్టుకోండి. చెట్టు మొత్తం చూస్తే కన్ను ఎక్కడా ఆగదు. ఈ కిటికీలోంచి చూస్తే ఆగుతుంది. రెండు చిన్న జేబు అద్దాల్ని పుస్తకంలా తెరుచుకునేట్టు ఒక పక్క టేపుతో అతికించుకోండి. గీసిన బొమ్మ మీద నిలబెట్టి 90 డిగ్రీలు తెరిస్తే నాలుగు, 60కి ఆరు, 45కి ఎనిమిది రేకులతో పువ్వు కనిపిస్తుంది. కొంగు మధ్య పెట్టే చక్రాలకి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. వీటితో పాటు, మీ దగ్గరున్న పట్టు దారాల ముక్కలు ఓ ఇరవై రంగులవి. అవి ఎందుకో తరవాత చెప్తాం.

ఫోను ఉండనివ్వండి, కానీ చివర్న తీయండి. ముందు ఫొటో తీస్తే చూడటం అయిపోయిందని మనసు సరిపెట్టుకుంటుంది. ఒక్క వస్తువు ముందు ఇరవై నిమిషాలు కూర్చుని మూడుసార్లు గీయాలి. మొదటిది ఉన్నంత సైజులో. రెండోది పేజీ నిండా, ఒక్క భాగమే. మూడోది బొటనవేలి గోరంత. ఆ గోరంత బొమ్మలో ఏ గీతలు మిగిలాయో అవే చీర మీదికి వచ్చేవి. పక్కనే అంకెలు రాయండి: ఎన్ని, ఎంత దూరం, ఎటు వాలు. అంకెలు లేని స్కెచ్చు ఇంటికొచ్చాక పనికిరాదు.

బయల్దేరే ముందే అంచు కోసం వెళ్తున్నారా, బుటా (చీర ఒంటి మీద విడివిడిగా వచ్చే చిన్న బొమ్మ) కోసమా, కొంగు కోసమా తేల్చుకోండి. అంచు కావాలంటే వరసలు వెతకాలి: ముళ్లు, అలలు, కొబ్బరి ఆకు ఈనెలు. బుటా కావాలంటే ఒంటరిగా నిలబడగలిగేవి. కొంగుకి కేంద్రం నుంచి విచ్చుకునేవి. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని పోతే అన్నీ దొరికి ఏదీ పనికిరాదు.

కాలం కూడా చూసుకోవాలి. మొగలి పొదలు వానాకాలంలో పూస్తాయి. మోదుగ మాఘ ఫాల్గుణాల్లో. తాటి ముంజలు ఎండాకాలంలో, కాయని అడ్డంగా కోస్తే మూడు కన్నులు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి, గీయనక్కర్లేని బుటా అది. గోపాలపురం ఇసుకలో పీతలు తవ్విపోసిన చిన్న చిన్న ఇసుక ఉండలు చూడాలంటే సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ, మళ్లీ నీరు రాకముందు. కన్నం చుట్టూ కిరణాల్లా పరుచుకున్న ఆ ఉండల్ని చూస్తే కొంగు మీద చుక్కల్ని దగ్గర నుంచి దూరానికి ఎలా పలచబరచాలో తెలుస్తుంది.

ఋషికుల్య నదీముఖం దగ్గరికి తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రాత్రిపూట టార్చీతోనో ఫోను ఫ్లాషుతోనో పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం వాటిని మొదటి షెడ్యూలులో పెట్టింది. వెలుగు చూస్తే తల్లి వెనక్కి తిరుగుతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఎక్కడైనా సరే, గూళ్లూ ఈకలూ ఇంటికి తేకండి. రాలిన ఆకు, రాలిన కాయ చాలు.

మొగలి ముల్లు, దగ్గరగా

గంజాం జిల్లా మొగలికి పెట్టింది పేరు. ఇక్కడి మొగలి పూలకీ జీఐ ఉంది. ఛత్రపురం వైపు పొలం గట్ల మీద కంచెల్లా పెరిగే పొదలు అందరూ చూసినవే. అందరూ పూవు వాసనే చూస్తారు. డిజైనుకి ఆకు కావాలి.

ఒక ఆకు కోసుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని మరీ, అంచు మీద భూతద్దం పెట్టండి. ముళ్లు రెండు అంచుల వెంటా ఉంటాయి. అంచు ముళ్లన్నీ ఆకు కొన వైపే వాలి ఉంటాయి. అంటే ప్రతి ముల్లూ మెల్లగా పైకి లేచి, ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఫోడా కుంభలో త్రికోణం రెండు వైపులా ఒకే వాలు. ఇక్కడ ఒక వైపు ఏటవాలు, రెండో వైపు నిలువు. ఈ తేడా ఒక్కటే మనం తీసుకునేది. ఆకు బొమ్మ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. అంగుళానికి 80 పడుగు పోగులు, 60 పేక పోగులు అనుకుందాం. మీ మగ్గంలో ఎంతో లెక్కపెట్టి ఆ అంకెలు వేసుకోండి. మూడు నాడెలతో (పేక దారం నడిపేవి: రెండు అంచులకి రెండు, ఒంటికి ఒకటి) నేసే అంచులో, అంచు రంగు పేక ప్రతి 3 పోగులకీ ఒక మెట్టు చొప్పున చీర ఒంటి వైపు 4 పడుగు పోగులు ముందుకి జరగాలి. అలా 12 మెట్లు. అంటే 36 పేకలకి 48 పడుగు పోగులు లేచింది. తరవాత ఒక్కసారిగా అంచు గీతకి దిగిపోవాలి. 4 పేకలు ఖాళీ. మళ్లీ మొదలు. ఒక ముల్లుకి మొత్తం 40 పేకలు. లేచిన ఎత్తు 0.6 అంగుళం, పొడవు కూడా 0.6 అంగుళం. అయిదున్నర మీటర్ల చీరకి ఒక పక్క సుమారు 325 ముళ్లు.

ఒక్కసారిగా దిగడం నేతకి కష్టమేమో అనిపిస్తుంది. నిజానికి అదే సుఖం. దిగే గీత పేక వెంటే ఉంటుంది కాబట్టి అక్కడ రెండు రంగులు ఒకదాంట్లో ఒకటి మెలేయక్కర్లేదు. ఇబ్బందంతా లేచే వైపే. ఒకే పడుగు పోగు దగ్గర ఎక్కువ పేకలు తిరిగితే, ఎంత మెలేసినా, అక్కడ బట్ట వదులవుతుంది. మూడు పేకలకి ఒక మెట్టు అని పెట్టింది అందుకే. ఆరు పెడితే ముల్లు సాగినట్టు కనిపించడమే కాదు, అతుకు దగ్గర ఎండలో పెడితే వెలుగు కారుతుంది.

వాలు ఎటు ఉండాలన్నది చాలామంది మరిచిపోతారు. ముల్లు ఆకు కొన వైపు చూస్తుంది కాబట్టి చీరలో కొంగు వైపు చూస్తే బాగుంటుంది. కొంగు చివర్న వచ్చేట్టు నేస్తే, పైన చెప్పినట్టు మెల్లగా లేచి టక్కున దిగాలి. కొంగుతోనే నేత మొదలుపెడితే గ్రాఫ్ తలకిందులు: టక్కున లేచి మెల్లగా దిగాలి. ఈ ఒక్క మాట గ్రాఫ్ మీద పెన్నుతో రాసి పెట్టండి. రెండు అంచుల్లోనూ ముళ్లు ఒకే వైపు చూడాలి, ఎదురెదురుగా పెడితే కట్టుకున్నప్పుడు పైఅంచు వెనక్కి నడుస్తున్నట్టుంటుంది.

అడ్డాకు బుటా

కొండల్లో విస్తళ్లు కుట్టే అడ్డాకు తెలియనివాళ్లు ఉండరు. రెండు చెక్కలుగా విడిన ఆకు, మధ్యలో మడత. జాకార్డుకి (చిల్లుల అట్టల లెక్కన పడుగు పోగుల్ని లేపే సాధనం) ఇది దేవుడిచ్చిన బొమ్మ. సగం గీస్తే చాలు, అద్దంలో లాగా రెండో సగం మగ్గమే వేస్తుంది. పోగుల్ని లేపే 40 హుక్కులతో, నడిమి పోగు ఒక్కటే అవుతుంది కాబట్టి, 79 పడుగు పోగుల ఆకు వస్తుంది. 80 పోగుల లెక్కన దాదాపు అంగుళం వెడల్పు.

ఇక్కడ తప్పు జరిగేది ఆకు నిండా జరీ నింపినప్పుడు. పేక దారం ఏ పడుగు పోగు కిందకీ పోకుండా అంగుళం పొడవునా పైన తేలితే గాజు తగిలి లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఆ బుటా పోయినట్టే. తేలే దారం 8, 10 పోగులు దాటకూడదు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మధ్యమధ్య కట్టు, అంటే దారాన్ని అదిమిపట్టే పోగు, పడాలి. ఆ కట్లు ఎక్కడ వేయాలో తెలియక గళ్లు గళ్లుగా వేస్తే ఆకు జల్లెడలా కనిపిస్తుంది.

అడ్డాకునే మళ్లీ చూడండి. తొడిమ దగ్గర నుంచి ఈనెలు వేళ్లలా విచ్చుకుంటాయి, నిజమైన ఆకులో పదకొండో పదమూడో పదిహేనో. వాటిలో నడిమిది, అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఏడు ఉంచండి. ఆకు బాగా వెడల్పుగా ఉన్న చోట 79 పోగుల్లో ఏడు ఈనెలకి పోగా 72. అవి ఎనిమిది గదులకి తలా తొమ్మిది. అంటే తేలే దారం తొమ్మిది పోగులే. కట్టు పడాల్సిన చోటే ఈనె ఉంది. ఈనె గీతని కట్టుగా వాడుకుంటే బలానికి బలం, బొమ్మకి బొమ్మ. తొడిమ దగ్గర ఈనెలు మరీ ఒత్తుగా వస్తాయి, అక్కడ పక్క పక్క ఈనెల్ని కలిపేసి మూడే ఉంచండి, లేకపోతే జరీ కనిపించకుండా పోతుంది.

గ్రాఫ్ దగ్గర జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్దది చదరపు గళ్ల కాగితం. 80 పడుగు, 60 పేక ఉన్న మగ్గానికి చదరపు గడిలో 48 గళ్ల అడ్డం, 48 గళ్ల నిలువు గీస్తే, నేసేసరికి అడ్డం 0.6 అంగుళం, నిలువు 0.8 వస్తుంది. గుండ్రటి పువ్వు కోడిగుడ్డు అవుతుంది. పడుగు పేకలు సమానం కానప్పుడు గడి కూడా ఆ దామాషాలోనే ఉండాలి. ఈ మగ్గానికి 3 మిల్లీమీటర్ల అడ్డం, 4 మిల్లీమీటర్ల నిలువు గళ్లు గీసుకుంటే కాగితం మీద కనిపించిందే బట్ట మీద కనిపిస్తుంది. గళ్లు గీసి జిరాక్సు తీయించుకుంటే ఏడాదికి సరిపోతుంది. అట్టలు కొట్టించాక తప్పు తెలిస్తే ఖర్చంతా మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది వంపు. గళ్లలో వంపు ఉండదు, మెట్లే ఉంటాయి. మెట్ల పొడవు 5, 4, 3, 2, 2, 1, 1 అని క్రమంగా తగ్గితే కన్ను వంపుగా చదువుతుంది. 5, 2, 4, 1 అని ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత మంచి పువ్వైనా విరిగినట్టుంటుంది. గీసిన తరవాత ప్రతి వంపు పక్కనా మెట్ల అంకెలు రాసి చూసుకోండి. తప్పు కంటికన్నా ముందు అంకెలకి దొరుకుతుంది.

మూడోది, పేర్పు. ఒక్క బుటా బాగుంటే చీరంతా బాగుంటుందనుకోవడం. దాన్ని తొమ్మిది జిరాక్సులు తీసి మూడు వరసలు మూడు నిలువులుగా నేల మీద పరిచి, పది అడుగుల దూరం నుంచి చూడండి. బుటాలు కాదు, వాటి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఖాళీలన్నీ కలిసి సందులా చీర పొడవునా పరిగెడుతుంటే రెండో వరసని సగం జరపండి. ముగ్గు వేసే చేతికి ఇది చెప్పక్కర్లేదు: సరిచుక్కలు వదిలి సందుచుక్కలు పెట్టడమే. అసలు చుక్కల ముగ్గు వేసే ఇంట్లో గ్రాఫ్ పేపరు కొత్త వస్తువు కాదు. 15 చుక్కలు పెట్టి 8 వచ్చేదాకా తగ్గించే లెక్కలో ఉన్నదే జాకార్డులోనూ ఉంది.

సందుచుక్కలు ప్రకృతిలో చూడాలంటే అనాసకాయ తీసుకోండి. కన్నులు ఏటవాలు వరసల్లో తిరుగుతాయి. ఒక వైపు వరసలు లెక్కపెడితే సాధారణంగా 8, రెండో వైపు 13. రెండు వాలులూ సమానం కాకపోవడం వల్లే కాయ చుట్టూ చూపు తిరుగుతూ ఉంటుంది. ఒళ్లంతా అల్లుకుంటూ వచ్చే జాలుకి రెండు వైపులా ఒకే వాలు ఇవ్వకుండా ఒకటి కాస్త నిటారుగా పెట్టి చూడండి.

అద్దం వేసి అన్నీ సమానం చేసేయాలన్న ఆత్రం కూడా వద్దు. ఋషికుల్య ఒడ్డుకి వచ్చే తాబేలు డొప్ప మీద పెంకులు చాలాసార్లు ఎడమ కుడి సమానంగా ఉండవు. హుక్కులు చాలకపోతే అద్దం వేయండి. చాలితే ఒకసారి ఆలోచించండి.

రంగు

ఫోను ఫొటోలో రంగుని నమ్మి దారం అద్దిస్తే దెబ్బతింటారు. ఫోను తనకు తోచినట్టు పసుపో నీలమో కలుపుతుంది. సంచిలో దారాలు పెట్టుకోమన్నది ఇందుకే. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య, ఎండ నేరుగా పడని నీడలో, దారాన్ని ఆకు మీదే పెట్టి పోల్చండి. సరిపోయిన దారాల్ని నాలుగంగుళాల అట్టకి చుట్టండి, ఆ వస్తువులో ఏ రంగు ఎంత ఉందో అంత వెడల్పు. మొగలి పొత్తి రంగు కోసిన గంటల్లోనే మారుతుంది, చెట్టు దగ్గరే పోల్చాలి.

దామాషా ఎందుకు ముఖ్యమో పాలపిట్ట చెబుతుంది. ఒడిశా రాష్ట్రపక్షి అది, మనకేమో దసరా పిట్ట. తీగ మీద కూర్చున్నప్పుడు గోధుమ రంగే ఎక్కువ. ఎగిరితే రెక్కల్లో రెండు నీలాలు పట్టీలుగా విచ్చుకుంటాయి. ఒళ్లంతా నీలం పోసి పాలపిట్ట చీర అంటే అది పాలపిట్ట కాదు. ఒళ్లు మట్టి గోధుమ, కుచ్చిళ్లు కదిలినప్పుడో కొంగు జారినప్పుడో నీలం కనబడాలి.

ఇంకోటి. ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, ఈక లోపలి సూక్ష్మమైన అమరికలో వెలుగు చెదిరి వచ్చేది. ఒక్క రంగు దారంతో ఆ మెరుపు రాదు. నెమలికంఠం నేసినట్టు పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టాలి. అప్పుడు రెండు దారాల ముదురుదనం దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి ముదురు, ఒకటి లేత అయితే మెరుపు రాదు సరికదా దుమ్ము పట్టినట్టుంటుంది. రెండు దారాల్నీ పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జత పనిచేస్తుంది. ఫోను మీద ఇంత చెప్పాక, ఈ పనికి మాత్రం అదే మేలు.

నమూనా ముక్క

చీరకి పడుగు ఎక్కించే ముందు, పాత పడుగు చివర్న మిగిలిన దాని మీద తొమ్మిది అంగుళాలు నేయండి. దాన్ని చల్లటి నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి, వెనక నుంచి ఇస్త్రీ చేయండి. ముళ్ల పొడవు మళ్లీ స్కేలుతో కొలవండి. పేక దగ్గరైపోయి ముల్లు పొట్టిదైతే మెట్టుకి ఒక పేక కలపాలి. బుటా మీద గాజుల చేతిని పదిసార్లు అటూ ఇటూ రుద్దండి. ఎక్కడ దారం లేచిందో ఆ గడిని గ్రాఫ్‌లో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి అక్కడొక కట్టు వేయండి. ముక్కని సగానికి కోసి, ఒక సగం నోటుబుక్కులో స్కెచ్చు పక్కన అతికించి, పడుగు, పేక, మెట్టు అంకెలు కింద రాయండి. రెండో సగాన్ని గ్రాఫ్‌కి పిన్ను చేయండి, అది అట్టలు కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్తుంది.